తాతబాబుకు శాంతి

ఉక్కు కర్మాగారంలో ఉద్యోగ విరమణ చేశాక త్రినాథరావు, ఆదివారాలు తొట్లకొండ మీద జరిగే ధ్యానానికి వెళ్లి మైత్రీ భావన నేర్చుకున్నాడు. ముందు తన మేలు కోరుకోవాలి, తర్వాత అయినవాళ్ల మేలు, చివరికి గిట్టనివాడి మేలు. గిట్టనివాడి కోసం ఆయన వెతుక్కోనక్కర్లేదు. తొమ్మిదేళ్ల కిందట భీమిలి పిక్నిక్‌లో తను వండిన చేపల పులుసును పదిమందిలో "కూలింగ్ టవర్ నీళ్లు" అన్న బి షిఫ్టు నేస్తం తాతబాబు ఉండనే ఉన్నాడు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఆ మంగళవారం పొద్దున్న ధ్యానం ముగించి, పాల ప్యాకెట్లు తెచ్చి, మొక్కలకు నీళ్లు పెడదామనుకున్నాడు. మనసులో అనుకుంటే పులుసే గుర్తొస్తోందని ఆ రోజు తొలిసారి పైకే అన్నాడు: "తాతబాబు సుఖంగా ఉండుగాక. అన్ని బాధల నుంచి విముక్తుడగుగాక. శాంతి పొందుగాక."

వంటింట్లో భార్య ఈశ్వరి చట్నీ రుబ్బుతోంది. మిక్సీ హోరులో ఆమెకు వినబడినవి మూడే మాటలు: తాతబాబు, విముక్తుడు, శాంతి. ఆయన పాలకు వెళ్లగానే స్నేహితురాలు గౌరీశ్వరికి ఫోను చేసింది.

"వదినా, తాతబాబన్నయ్య పోనాడు! మా ఆయన పొద్దున్నే శాంతి సెప్తన్నారు."

"ఓలమ్మ! ఎలాగ పోనాడు?"

"శానా బాధలు పడ్డాడేటో పాపం. ఇముక్తి అన్నారు మరి."

గౌరీశ్వరి భర్త శ్రీరామ్మూర్తి ఆ వార్తను పాత బి షిఫ్టు వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. కాదనడానికి తాతబాబు అందులో లేడు, అలిగి ఎప్పుడో బయటికెళ్లిపోయాడు. పావుగంటలో ముప్ఫై నాలుగు సంతాపాలు వచ్చాయి. బంగారంలాంటి మనిషన్నారు. అంతగా నవ్వించినవాడు మళ్లీ పుట్టడన్నారు.

పాలతో తిరిగొస్తూ ఫోను చూసిన త్రినాథరావు గేటు పట్టుకుని నిలబడిపోయాడు.

"ఈశ్వరీ, తాతబాబు..."

"నాకు పొద్దున్నే తెలిసిందండి," అని ఆమె ముక్కు చీదింది.

ఆటోలో ఈశ్వరి పక్కన దండ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాక ఆయనకు అన్నీ గుర్తొచ్చాయి. ఇరవై రెండేళ్లు షిఫ్టు బస్సులో తన కోసం కిటికీ సీటు మీద రుమాలు వేసి ఉంచింది తాతబాబే. క్యారియర్‌లో వంకాయ కూర ఉంటే సగం తనకే. కూతురికి జ్వరమొచ్చిన నాడు తన బదులు రెండో షిఫ్టు కూడా చేసింది అతనే.

"ఒక్క ఫోను సేసుంటే సరిపోయేది," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "ఆ పులుసులో నిజంగానే ఉప్పు లేదే."

గాజువాకలో తాతబాబు ఇంటి ముందు అప్పటికే పదిహేనుమంది దండలతో నిలబడ్డారు. తలుపు కొట్టే ధైర్యం ఎవరికీ లేదు. సందడి విని బనీనుతో తాతబాబే బయటికొచ్చాడు.

"ఏటి బావా, ఇంతమంది? ఎవలు పోనారు?" అని ముందున్న శ్రీరామ్మూర్తిని అడిగాడు.

శ్రీరామ్మూర్తి గౌరీశ్వరిని చూశాడు. ఆమె ఈశ్వరిని చూసింది. ఈశ్వరి మొగుణ్ని చూసింది.

"మీరే కదండీ పొద్దున్న శాంతన్నారు!"

త్రినాథరావు దండ వెనక్కి దాచుకున్నాడు. "అది మైత్రీ భావనే! బావా, నలభై రోజుల్నించి నీ మేలు కోరతన్నాను."

"నాదా? ఎందుకూ?"

"గిట్టనోళ్ల మేలు కోరమన్నారు."

తాతబాబు ఆయన్ను తేరిపార చూశాడు. "గిట్టనోణ్ని నలభై రోజులు తలుసుకుంతారేటి బావా?" అంటూ దగ్గరికొచ్చాడు. ఇద్దరూ కావలించుకుంటే త్రినాథరావు వీపు వెనక దండ నలిగిపోయింది.

మధ్యాహ్నం దాకా బి షిఫ్టు అక్కణ్నుంచి కదల్లేదు. బయల్దేరే ముందు శ్రీరామ్మూర్తి, గ్రూపులో సంతాపాలు తీసేద్దామన్నాడు. తాతబాబు ఒప్పుకోలేదు. అన్నిటినీ ప్రింటు తీయించి, తనెంత మంచివాడో కోడలు రోజూ చదివేలా ఫ్రిజ్ తలుపుకు అంటించాడు.