మెదడుకు తగిన బూడిద రంగు

నాగరిక దేశంలో రక్తం తన ఇష్టం వచ్చినట్టు మెదడులోకి వెళ్లడానికి వీల్లేదు. వెళ్లినట్టు పటం చూపించాలి, ఆ పటం చూసేవాళ్ల కంటికి ఇంపుగానూ ఉండాలి. డెన్మార్క్‌లో ఒక పట్టణ ఆసుపత్రి ఈ సంగతి గ్రహించి రంగుల సామరస్య సంఘాన్ని నియమించుకుంది. ఎరుపు ఆందోళన పుట్టిస్తుందనీ, పచ్చ లేనిపోని ఆశలు పెడుతుందనీ తేల్చి, గోడలకూ కుర్చీలకూ ఉన్న లేత బూడిద రంగునే మెదడు పటాలకూ ఆ సంఘం ఏకగ్రీవంగా ఖాయం చేసింది. (ఒక డాక్టరు అభ్యంతరం చెప్పబోయాడు. ఆయనకు కేకు అందించారు.)

ఒక పొద్దున ఆ ఊళ్లో ఐనర్ అనే ముసలాయన అకార్డియన్ వాయిస్తుండగా ఎడమ చెయ్యి పట్టు తప్పి ఒళ్లోకి జారిపోయింది. భార్య పోయాక ఆయన కబుర్లన్నీ ఆ వాద్యంతోనే. దాని మంద్రస్వరాలన్నీ ఎడమ చేతివి.

ఆసుపత్రిలో స్కాను తీసే బోదిల్, ఆయన్ని ముట్టుకునే ముందు తన చేతులు రుద్దుకుని వెచ్చబరుచుకుంది. ఐనర్‌కి ఆ పద్ధతి నచ్చింది.

"కదలకండి పెద్దాయనా. ఈ మందు రక్తంతో పాటు మెదడులోకి పోతుంటే ఫొటోలు తీస్తాను. రక్తం ఎంత జోరుగా వస్తోందో, ఎంత నిలిచి ఉందో రెండూ చూడాలి."

"రెండెందుకమ్మా?"

"కొళాయి ధార సన్నబడినా బకెట్లో నీళ్లుంటే మొక్కని బతికించుకోవచ్చు. మీ బకెట్ ఎలా ఉందో చూద్దాం."

డాక్టర్ ఎస్బెన్ తెర ముందు కూర్చుని కళ్లు చికిలించాడు. మెదడుకు పోయే నాళంలో రక్తపు గడ్డ అడ్డుపడింది. దాని అవతల మెదడులో ఇంకా ప్రాణముంటే గడ్డని వెంటనే లాగెయ్యాలి. చచ్చిపోయి ఉంటే ముట్టుకోవడమే ప్రమాదం.

"బోదిల్, ఇది బతికున్న బూడిదా, చచ్చిన బూడిదా?"

"సంఘం వాళ్ల పట్టికలో రెండిటికీ 'ఉదయపు మంచు' అనే ఉంది."

"పోనీ అంకెలు చూడు."

"బూడిద మీద బూడిదతో వేశారు."

మంచం మీంచి ఐనర్ అన్నాడు, "బాబూ, నా చెయ్యి మంచు తగ్గేదాకా ఆగుతుందా?"

ఆగదు. పిల్లల వార్డులో తెరకు మాత్రం రంగులుండొచ్చని మినహాయింపు ఉంది (పిల్లలకు అభిరుచి ఇంకా ఏర్పడలేదని). బోదిల్ మంచాన్ని అటు తోసింది. గోడలకు అంటించిన కాగితపు తిమింగలాల మధ్య, తెర మీద ఐనర్ మెదడు వెలిగింది. చిన్న ఎర్ర చుక్క, చుట్టూ పచ్చటి చేను.

"పచ్చదంతా బతికే ఉంది. ధార సన్నబడింది గానీ నీళ్లున్నాయి," అన్నాడు ఎస్బెన్. "పదండి, గడ్డ లాగేద్దాం."

"మళ్లీ వాయించగలనా?"

"ఇదివరకు బాగా వాయించేవారా?"

"అంత బాగా ఏం కాదు."

"అయితే ఆ మాత్రం గ్యారంటీ ఇస్తాను."

గడ్డ వచ్చేసింది. సాయంత్రానికి వేళ్లు కదిలాయి. నెల తిరక్కుండానే ఐనర్ ఆసుపత్రి హాల్లో వాయించాడు, ఎప్పట్లాగే అంతంత మాత్రంగా. సంఘం అధ్యక్షురాలు లోరెన్సెన్ చప్పట్లు కొట్టి, కళ్లు తుడుచుకుని, ఆ చెయ్యి ఎలా దక్కిందో ఓపిగ్గా అడిగి తెలుసుకుంది.

మరుసటి వారం సంఘం కూర్చుంది. ఒకరికి రంగులూ ఇంకొకరికి బూడిదా ఉండటం సమానత్వానికి తగదని, పిల్లల వార్డు తెరను కూడా బూడిద రంగులోకి మార్చింది.