ముగ్గు లేని ఆదివారం

ఆ ఆదివారం తెల్లవారకముందే మాయవరంలో తిల్లైనాథన్ ఒక నిర్ణయానికి వచ్చాడు. ఇవాళ ఇంటిపని మొత్తం తనదే. పుణ్యబుద్ధి పుట్టిందనుకునేరు, అచ్చమైన స్వార్థం. రోజంతా చాకిరీ చేసి, భార్య కోమళవల్లి నడుం వాల్చీ వాల్చగానే నిద్రపోతోంది. ఆమెతో ప్రేమగా ఒక్క ముక్క మాట్లాడి ఎన్నాళ్ళయిందో అతనికే గుర్తులేదు. పగలు విశ్రాంతి దొరికితే సాయంత్రం తనకోసం కాస్త మిగులుతుందని ఆశ.

"నువ్వు లేవకు," అని ఆమెకు చెప్పి, వాకిలి ఊడ్చి నీళ్ళు చల్లాడు. ముగ్గు వేయడం రాదు గనుక వేయలేదు. వాకిట్లో ముగ్గు లేదంటే ఆ ఇంట్లో ఎవరో పోయారని ఆ వీధిలో లెక్క. చీపురు పట్టిన ఉత్సాహంలో అతనికా సంగతే తట్టలేదు.

ఎదురింటి పట్టమ్మాళ్ బామ్మకు తట్టింది. "ముగ్గు లేదు, పైగా మగాడు ఊడుస్తున్నాడు. ఇంకెవరు పోతారే, ఆ పిల్లే పోయింది," అని ఇంటింటికీ చెప్పి వచ్చింది.

సాంబారులోకి చిన్న ఉల్లిపాయలు ఒలుస్తున్న తిల్లైనాథన్ కళ్ళు తుడుచుకుంటూ తలుపు తీసేసరికి వీధంతా గుమ్మంలో ఉంది.

"ఊరుకో నాయనా," అంది బామ్మ.

"ఉల్లిపాయలు బామ్మా."

"చావింట్లో పొయ్యి కూడా వెలిగించాడు. మతి పోయింది పాపం," అని ఆమె అందరికీ విడమరిచి చెప్పింది.

"మా ఆవిడ నిద్రపోతోంది, అంతే."

"మొదట్లో అందరూ అలాగే అంటారు నాయనా." బామ్మ అతన్ని పక్కకు లాగింది. "తిరువారూరులో మా చెల్లెలి మనవరాలుంది. తొందరేం లేదులే, కర్మలయ్యాకే చూద్దాం."

అంతలో ఎవరు పిలిచారో చావులకు శంఖం ఊదేవాడు వచ్చి, అడగకుండానే ఊదాడు.

"ఎవరు పోయారండీ?" అంటూ కోమళవల్లి జుట్టు ముడేసుకుంటూ బయటికి వచ్చింది. జనం ఒక్కసారిగా వీధిలోకి పడ్డారు. ముందుగా తేరుకున్నది బామ్మే.

"బతికుంటే మరీ మంచిది. ఏడ్చి ఏడ్చి ఆకలేస్తోంది. సాంబారు అయిందా?"

తిల్లైనాథన్ భార్యను వంటింటి గడప తొక్కనివ్వలేదు. వీధి మొత్తానికి తనే వండాడు, వడ్డించాడు, ఎంగిలాకులు ఎత్తాడు, గుండిగలు తోమాడు.

సాయంత్రం కోమళవల్లి మల్లెపూలు పెట్టుకుని అతని పక్కన కూర్చుంది. పెళ్ళయ్యాక ఇంత తీరిగ్గా కూర్చోవడం ఇదే మొదలు. ఆమె మనసు నిండిపోయింది.

"నాకోసం ఏడ్చి, ఉల్లిపాయలని అబద్ధమాడారటగా. రేపట్నుంచి పని చెరిసగం చేసుకుందామండీ."

తిల్లైనాథన్ అప్పటికే గురక పెడుతున్నాడు. వాళ్ళ దాంపత్యంలో మొట్టమొదటి ఒప్పందం అలా ఏకగ్రీవంగా ఖరారైంది.