పైనున్నది దిగాల్సిందే

కోయంబత్తూరులో ఆదివారం. టిఫిను వేళకల్లా ఫ్రేము సరిచేసి, మధ్యాహ్నానికి మోటార్లు బిగించేయాలని మయిల్‌సామి పథకం. కంప్యూటరు చెప్పినట్టు చెక్కను చెక్కే సీఎన్‌సీ యంత్రాన్ని అతడు హాల్లోనే సొంతంగా కట్టుకుంటున్నాడు. కింది వాటాలో అతడూ, భార్య కోకిలవాణీ ఉంటారు. మేడమీద అన్న ఆరుసామి, వదిన తులసిమణి.

ఇనుప ఫ్రేముకు మూల నుంచి మూలకు రెండు దారాలు కట్టాడు. వంకర లేకపోతే అవి మధ్యలో ఒకదాన్నొకటి తాకాలి. తాకలేదు. కిటికీ వైపు మూల వెంట్రుకంత పైకి లేచింది. మయిల్‌సామి దానిమీద బరువంతా మోపాడు. కోకిలవాణి గ్రైండరు రాయి తెచ్చి పెట్టింది. మూల దిగలేదు.

“పోనీ, అలాగే ఉంచేద్దామండీ.”

“పోనీలే అని ఊరుకునేది లేదు! పైనున్నది ఇవాళ దిగి తీరాల్సిందే!”

“దిగకపోతే?”

“సుత్తితో కొడతా! అప్పటికీ దిగకపోతే బయట పారేస్తా!”

చట్నీ గిన్నెతో మెట్లు దిగుతున్న తులసిమణి అక్కడే ఆగిపోయింది. గిన్నెతో సహా వెనక్కి ఎక్కేసింది.

“విన్నారా? నన్ను ‘పైనున్నది’ అన్నాడు! ముక్కు తుడిచి బడికి పంపినదాన్ని, సుత్తితో కొడతాట్ట!”

సగం గడ్డం గీసుకున్న ఆరుసామి, రంగసామి మామయ్యకు ఫోన్ చేశాడు. చుట్టాల తగువంటే మామయ్య కాఫీ కూడా తాగకుండా వచ్చేస్తాడు. వచ్చేశాడు.

“ఏరా మయిలూ, ఎప్పుడు మొదలైందిరా ఇది?”

“పొద్దున్నే మామయ్యా. దారం కట్టాకే బయటపడింది.”

మామయ్య దారాలు చూశాడు. హాలును పంచేసినట్టే తోచింది.

“కొలతలు కూడా అయ్యాయన్నమాట! ఎంతరా తేడా?”

“వెంట్రుకంత.”

“వెంట్రుకంత దానికి సుత్తా?”

“మరి మంచి మాటలు చెబితే దిగుతుందా?”

“ఒరేయ్!” అంటూ, మామయ్య వెనకే దిగొచ్చిన ఆరుసామి సబ్బు నురగ చెంపతో దూకబోయాడు. అంతలో పెట్టె పట్టుకుని తులసిమణి వచ్చింది.

“ఇదిగో, దిగాను! ఇక చల్లగా ఉండు నాయనా!”

ఏడుస్తూ, కిటికీ వైపు మూలమీదే పెట్టెతో సహా కూలబడింది. ఫ్రేము కిర్రుమంది. దారాలు తాకాయి.

“దిగింది! దిగింది!” మయిల్‌సామి గంతేశాడు. “వదినా, లేవకు! నీ కాళ్ళకు దణ్ణం, ఊపిరి కూడా గట్టిగా తీయకు!” అని స్పానరుతో కిందికి దూరాడు.

కోకిలవాణికి సంగతి అర్థమై, నవ్వుతూ నేలమీద కూర్చుండిపోయింది. “అక్కా, ఆయన దిగాలన్నది నిన్ను కాదు, నువ్వు కూర్చున్న మూలని!”

తులసిమణి కాసేపు నమ్మలేదు. నమ్మాక, ఏడుపు ఆగకముందే నవ్వు తన్నుకొచ్చింది.

“నవ్వకు వదినా, ఫ్రేము ఊగుతోంది!” అని కిందినుంచి కేక.

బోల్టులన్నీ బిగిశాక ఆమె లేచింది. దారాలు కదల్లేదు. తగువు లేకపోయేసరికి మామయ్య ముఖం వేలాడేసుకుని వెళ్ళిపోయాడు. యంత్రం మొట్టమొదట ఇంటికి పేరుపలకే చెక్కాలని అందరూ ఒప్పుకున్నారు. మొదటి పేరు పెద్దవాడిదన్నాడు ఆరుసామి. కట్టినవాడిదన్నాడు మయిల్‌సామి. కూర్చున్నదానిదంది తులసిమణి.

అదృష్టం కొద్దీ మామయ్య ఇంకా బస్సెక్కలేదు.