వేడెక్కిన రంపముతో కిషన్ రావు సమరము

అవధరింపుడు సభాసదులారా! ప్రచండమార్తాండ కిరణదగ్ధమైన పందొమ్మిదివందల తొంబదియారు మే మాసమున, ఒకవంక నారాయణగూడ చౌరస్తా హారన్ల ఘోషయు, ఒకవంక అశోక్ నగర్ కోచింగు సెంటర్ల కంఠస్థఘోషయు పోటీపడి మ్రోగుచుండ, నడుమ చిక్కడపల్లిలో, ఒక్క ట్యాంకరు మాత్రము పట్టు గల్లీలో, మధ్యాహ్నము మూడు గంటలకు ఈ మహాసంగ్రామము జరిగెను.

ముందునాటి గాలిదుమారమునకు తురాయిచెట్టు మహాశాఖ విరిగి గల్లీ మొగను అడ్డముగా పడెను. ఎనిమిది దినములుగా నల్లాలో బొట్టు రాలని ఆ గల్లీకి, అర్జీలమీద అర్జీలు పెట్టగా, ఆనాడే నీళ్ల ట్యాంకరు వచ్చి కొమ్మకావల నిలిచెను. ఈవల బిందెలు, బకెట్లు, డ్రమ్ములు చతురంగబలమువలె బారులు తీరెను.

"ఈడనే ఇప్పుమంటె ఇప్ప. నడిరోడ్డు మీద పైపు ఇప్పితె బస్తీ అంత బిందెలు వట్టుకొని ఉరికొస్తది," అని ట్యాంకరు డ్రైవరు ఉప్పలయ్య గర్జించెను. "అరగంట చూస్త. కొమ్మ తీస్తిరా, లోపలికొస్త. లేకుంటె బండి తిప్పుకొని లోయర్ ట్యాంక్ బండ్ దిక్కు పోత."

అపుడు వెడలెనయ్యా కిషన్ రావు! సహకారబ్యాంకు గుమాస్తా, గల్లీకెల్ల పెద్దదిక్కు, "నేనుండంగ ట్యాంకరు వాపస్ పోదు" అని పొద్దున్నే నలుగురిలో నోరు జారిన సత్యసంధుడు. నారాయణగూడలో రాజేశం కట్టెల అడితి నుండి పెట్రోలు రంపము మిషను తెచ్చి, ఘర్ఘరధ్వనులతో మూడు ఖండములు నరికెను. నడిమి మొద్దు ఒక్కటే మిగిలెను. అక్కడ ఆగవచ్చునా? ఆగెను! ఆడవాండ్ర మెప్పుచూపులు అందుకొనుటకై మిషను ఆపి, మీసము తుడుచుకొనెను.

అంతే. మరల తాడు గుంజగా రంపము ఉలకదు, పలుకదు. పది గుంజులు, ఇరువది గుంజులు. చెమట ధారలుగా కారెను.

"ఏవండీ కిషన్ రావు గారూ, స్కూటర్ మొరాయిస్తే ఏం చేస్తాం? పక్కకి వంచుతాం. దీన్నీ వంచండి, పెట్రోలు దిగొద్దూ!" అని ఎదురింటి రామచంద్రరావు, గోదావరి జిల్లానుండి వచ్చి ముప్పదియేండ్లుగా అదే స్కూటరు వంచుచున్న మహానుభావుడు, ఉపదేశించెను.

ఈ నగరమున స్కూటరును వంచుటకు మించిన శాస్త్రము లేదు గదా! కుడికి వంచిరి, ఎడమకు వంచిరి, చోకు పూర్తిగా లాగిరి. పెట్రోలు వాసన గుప్పుమనెను. మిషను కడుపు అప్పటికే నిండియున్నది. కడుపు నిండినవానికి గారెలు చేదన్నట్లు, పోసినకొలది అది మరింత బిగుసుకొనెను.

"ఓరీ రంపాధమా! త్రిఖండచ్ఛేదనమొనర్చి చతుర్థమున నన్ను నగుబాటు సేయుదువా?" అని వీరుడు పలికెనని వ్రాయుట కవిధర్మము. నిజమునకు ఆయన నోట వెలువడినది "నీయవ్వ, స్టార్టుగావేందే!" అన్న మాటయే. ఉప్పలయ్య తాళపుచెవి తిప్పెను. కిషన్ రావు మరల రెండు గుంజులు గుంజెను. రేపు ఈ గల్లీలో తలెత్తి నడుచుట ఎట్లు?

అంతలో ఆయన భార్య కమల వచ్చి రంపమును చేతిలోనుండి లాగికొనెను.

"జర దాన్ని ఇడిసిపెట్టుండ్రి. అది కాలిపోతున్నది, మీరు కాలిపోతున్నరు. మొన్న స్కూటర్ గిట్లనే సతాయిస్తె ఏం జేసిన్రు? వంచి వంచి యాష్టకొచ్చి ఛాయ్ తాగొచ్చిన్రు. వచ్చినంక ఒక్క కిక్కుకు స్టార్టయింది. వంచినందుకు కాదండి, సల్లవడ్డందుకు!"

ఆమె చోకు లోనికి నెట్టి, మిషనును గోడనీడన పెట్టెను. ఇంట మిగిలిన ఆఖరు చెంబు నీళ్లను, ఆహా ఏమి తెగువ, పొయ్యిమీద పెట్టి ఛాయ్ కాచెను. తొలి కప్పు ఉప్పలయ్యకే ఇచ్చెను. "తాగినంక పో, అన్న." పొగలు గ్రక్కు ఛాయ్ చేతబట్టి ఎవడైన బండి తోలునా? ఇంజను ఆపెను.

అటుపై పదినిమిషముల ఘోరతపస్సు! కిషన్ రావు చేయి తాడువైపు పోవును, కమల చూచును, చేయి మరలును. "పోనీ ఒక్కసారి వంచి..." అని రామచంద్రరావు గొణిగెను. కమల ఆయనను కూడ చూచెను.

కప్పు అడుగంటినంతట, వీరుడు లేచి, కన్నులు మూసికొని, ఒక్క గుంజు గుంజెను. ఘర్ఘర్ఘర్ఘర్! మొద్దు తెగెను, మగవారెల్ల కూడి ఈడ్చిరి, ట్యాంకరు గల్లీ చొచ్చెను. "చూశారా, నేను వంచమనబట్టే!" అని రామచంద్రరావు ఇంటింటికి చాటెను.

పెద్దదిక్కునని కిషన్ రావు బకెట్టుతో ముందుకు చొరబోగా, "లైన్ల నిలవడుండ్రి," అనెను కమల. రంపపుపొట్టు పూసికొన్న ఆ మహావీరుడు ఇరువదిమూడవవాడుగా నిలిచి, ట్యాంకరు అడుగున మిగిలిన అరబకెట్టు నీళ్లు సాధించెను. జయము! జయము! ఎనిమిది దినముల తరువాత చిక్కడపల్లిలో ఒక గుమాస్తా, మెడవరకు మాత్రమే ఐనను, స్నానము చేసెను!