గసగసాల కార్డు

మా అల్లుడు సుధాకరరావు నిద్ర కోసం మలేషియా దాకా వెళ్ళి వచ్చిన మనిషి. లోకంలో ఎవరికైనా నిద్ర కావాలంటే మంచం దాకా వెళ్తే చాలు. ఆ మాట అతనితో అనగల ధైర్యం మా ఇంట్లో ఒక్క మా అమ్మాయి ఉదయశ్రీకే ఉంది. అది అంది కూడా. అతను వినలేదు.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నిటికీ మతి పోతుందని ప్రపంచమంతా హడలిపోతున్న రోజులవి. ఆ మతి పోకుండా కాపాడమని సింగపూర్‌లో ఒక కంపెనీ వాళ్ళు మా అల్లుణ్ణి పిలిపించుకున్నారు. టాంపినీస్‌లో ఎనిమిదో అంతస్తులో ఫ్లాటు. మనవరాలు నిఖిలను చూసుకోవడానికి నేనూ వెళ్ళాను. వెళ్ళి చూస్తే కంప్యూటర్లు బాగానే ఉన్నాయి. మతి పోయేలా ఉన్నది అల్లుడే.

పడుకుంటే నిద్ర పట్టదు. కూర్చుంటే పడుతుంది. ఆఫీసు మీటింగులో సరిగ్గా మేనేజరు మాట్లాడుతూ ఉండగా గురక పెట్టాడట. మేనేజరు ముందు ఏసీ మిషను చెడిపోయిందనుకుని బాగుచేసేవాణ్ణి పిలిపించాడట. మిషను బాగానే ఉందని తేలాక అల్లుణ్ణి గదిలోకి పిలిచి, ఇంకొక్కసారి ఇలా జరిగితే పాసు పొడిగించేది లేదని చెప్పేశాడు.

పాసు అంటే ఆ దేశంలో ఉద్యోగం చేసుకోనిచ్చే అనుమతి. అది పోతే ఉద్యోగం లేదు, ఫ్లాటు లేదు, నిఖిలకు బడి లేదు. అందుచేత అల్లుడి నిద్ర ఇంటిల్లిపాదికీ సమస్య అయి కూర్చుంది.

"రైల్లో కాస్త కునుకు తీస్తారు కదా, ఆ నిద్ర ఇంటికి తెచ్చుకోరాదూ" అనేది మా అమ్మాయి.

"రైల్లో నేను నిద్రపోను. కళ్ళు మూసుకుని ఆలోచిస్తాను" అనేవాడు అల్లుడు.

"నిన్న పసిర్ రిస్‌లో కూడా ఆలోచిస్తూనే కనిపించారట. పక్క ఫ్లాటు గౌరమ్మ ఆంటీ చెప్పింది. అది మన స్టేషను దాటాక వస్తుంది."

"లోతుగా ఆలోచిస్తే అలాగే అవుతుంది."

ఇలా ఉండగా అమెరికా నుంచి అతని స్నేహితుడు భద్రయ్య ఫోను చేశాడు. ఫోను పెట్టేసి అల్లుడు వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. మొహం వెలిగిపోతోంది.

"ఉదయా, భద్రయ్యకి కార్డు వచ్చింది."

"గ్రీన్ కార్డా?"

"దాన్ని మించింది. గంజాయి కార్డు."

మా అమ్మాయి చేతిలో గరిట ఆగింది.

"కాలిఫోర్నియాలో చట్టం వచ్చిందట. వాడికి నడుం నొప్పి, నిద్ర పట్టదు. డాక్టరు రాసిచ్చాడు. కార్డు జేబులో ఉంటే పోలీసు కూడా పక్కకి తప్పుకుంటాడట."

"మనకీ ఇచ్చారుగా ఆ కార్డు."

"మనకెప్పుడిచ్చారు?"

"విమానంలో. దిగబోయే ముందు తెల్ల కార్డు ఒకటి ఇచ్చి పూర్తి చెయ్యమన్నారే, దాని మీద ఎర్ర అక్షరాలు చూడలేదూ? ఆ సరుక్కి ఈ దేశంలో ఇచ్చే కార్డు అదొక్కటే."

బల్ల దగ్గర బొమ్మ గీసుకుంటున్న నిఖిల తల ఎత్తకుండానే, "డెత్ పెనాల్టీ లా, డాడీ" అంది. మాట చివర "లా" తగిలించడం అక్కడి బడిలో అబ్బింది దానికి.

నాకు అప్పట్లో చదువు రాదు. విమానంలో ఆ ఎర్ర అక్షరాలు చూసి, వచ్చినవాళ్ళకి స్వాగతం చెబుతున్నారు కాబోలనుకుని కళ్ళకద్దుకున్నాను.

"నాకు గంజాయెందుకు, గసగసాలు చాలు" అన్నాడు అల్లుడు. "చిన్నప్పుడు మా అమ్మ గసగసాల పాయసం చేస్తే తిన్నచోటే ఒరిగిపోయేవాణ్ణి. గిన్నె నా చేతిలోంచి తీసి కడుక్కునేవాళ్ళు."

అయితే గసగసాలు కాసేది నల్లమందు మొక్కకే. అందుకని సింగపూర్‌లో అవీ నిషేధమే. నేను బయలుదేరేముందు మా అమ్మాయి ఫోనులో, ఆవకాయ తెమ్మంది, అప్పడాలు తెమ్మంది, గసగసాలు మాత్రం ఒక్క గింజ కూడా రాకూడదంది. నేను భయపడి పోపుల డబ్బా ఇంట్లోనే పారేసి, చీర కొంగు దులుపుకుని మరీ విమానం ఎక్కాను.

"డాక్టరు మందు కింద రాసిస్తే గవర్నమెంటు కార్డు ఇవ్వక ఏం చేస్తుంది?" అన్నాడు అల్లుడు. "చట్టమన్నాక ఎక్కడో ఒక కిటికీ ఉంటుంది."

"ఉంటుంది. దానికి ఊచలు కూడా ఉంటాయి" అంది మా అమ్మాయి.

మర్నాడు అల్లుడు నా దగ్గరకి వచ్చాడు.

"అత్తయ్యగారూ, మీరు నాతో క్లినిక్కి రావాలి. ఇది అనాదిగా మన వైద్యమని మీలాంటి పెద్దవాళ్ళు చెబితే బరువుంటుంది."

"నాకు ఇంగ్లీషు రాదు కదా బాబూ."

"అదే కావాలి. మీరు తెలుగులో ఏదో ఒకటి దుఃఖంగా మాట్లాడండి. మిగతాది నేను చూసుకుంటాను."

క్లినిక్కు మా భవనం కిందే. అల్లుడు తల దువ్వకుండా, నలిగిన చొక్కా వేసుకుని, మూలుగుతూ వచ్చాడు. నంబరు చీటీ తీసుకుని కుర్చీలో కూర్చున్నాడు. కూర్చుంటే ఏమవుతుందో చెప్పాను కదా. నంబరు పిలిచారు, మళ్ళీ పిలిచారు. చివరికి ఆ చప్పుడేమిటో చూద్దామని డాక్టరమ్మే బయటికి వచ్చింది. చీనా ఆవిడ, చిన్న మనిషి. గురక పెడుతున్న అల్లుణ్ణి చూసింది, చేతిలో కాగితం చూసింది.

"నిద్ర పట్టదని వచ్చినది ఇతనేనా?" అంది. ఇంగ్లీషులో అన్నా ఆ మాట నాకు అర్థమైంది.

లోపలికి వెళ్ళాక అల్లుడు నాకు సైగ చేశాడు. నేను డాక్టరమ్మ వైపు తిరిగి, వీలైనంత దుఃఖంగా, "వంకాయలు ఇక్కడ మరీ అన్యాయంగా ఉన్నాయి తల్లీ, నీళ్ళు తప్ప రుచి లేదు" అన్నాను.

"ఋషుల కాలం నుంచి మా వంశంలో నిద్రకి ఇదే మందని అంటున్నారు" అని అల్లుడు ఇంగ్లీషులో చెప్పాడు.

"ఆ తోటకూర అయితే కట్ట విప్పగానే వాడిపోతోంది."

"ఇది లేక ఎందరో పూర్వీకులు కళ్ళు తెరుచుకునే చనిపోయారట."

డాక్టరమ్మ జాలిగా నా చెయ్యి నిమిరింది. అంతా బాగానే నడుస్తోంది. కానీ ఆ మందు ఏ మొక్కదో చెప్పక తప్పింది కాదు. చెప్పగానే ఆవిడ కలం కింద పెట్టేసింది.

"మిస్టర్ రావ్, ఈ ఉత్తరం నేను రాస్తే ఇవాళ్టి నుంచి నిద్ర పట్టనివాళ్ళం ఇద్దరమవుతాం" అంది.

సాయంత్రం కాఫీ మానెయ్యమని చెప్పి, ఒక రోజు ఆఫీసు మానుకోవడానికి చీటీ రాసిచ్చి పంపించింది.

అక్కడితో ఆగిపోతే అతను నా అల్లుడెందుకవుతాడు? లిఫ్టు దగ్గర గౌరమ్మ కనిపిస్తే కష్టమంతా ఆవిడ ముందు వెళ్ళబోసుకున్నాడు. గౌరమ్మది మా పక్క ఫ్లాటే. పుట్టింది మలేషియాలో. తాతల నాడు తోటల్లో పనికి వెళ్ళిన తెలుగువాళ్ళు. ఆవిడ తెలుగులో అరవం, మలాయి కలిసిమెలిసి కాపురం చేస్తుంటాయి.

"అయ్యో తంబీ, దానికా ఇంత ఏడుపు? జోహోర్‌లో మా చెల్లి కోటేశ్వరి ఇంట్లో డబ్బా నిండా ఉంది. ఇక్కడ తక్ బోలే. అక్కడ బోలే."

"బోలే అంటే?"

"చెయ్యొచ్చు, తినొచ్చు, ఎవరూ అడగరు. వంతెన దాటితే చాలు, మలేషియా."

అల్లుడి కళ్ళల్లో దీపాలు వెలిగాయి. ఇంట్లోకి వస్తూనే, "ఉదయా, తేవడం కదా తప్పు. నేను తేను. అక్కడే తాగేసి కడుపులో పెట్టుకుని వస్తాను. కడుపుకి కస్టమ్స్ లేదు" అన్నాడు.

మా అమ్మాయి, "సరేనండీ. శనివారం వెళ్దాం" అంది.

అది వాదించకుండా సరే అందంటే ఏదో ముంచుకొస్తోందని అర్థం. వాళ్ళ నాన్నగారు బతికున్నన్నాళ్ళూ ఆ సరే వినగానే వీధిలోకి వెళ్ళిపోయేవారు. అల్లుడికి ఆ తెలివి ఇంకా రాలేదు. సంతోషించాడు.

ఆ సాయంత్రం మా అమ్మాయి పక్క ఫ్లాటుకి వెళ్ళి గౌరమ్మతో ఏదో మాట్లాడి వచ్చింది. వచ్చి నాతోనూ ఒక మాట చెప్పింది.

శనివారం అందరం బస్సెక్కి వంతెన దాటాం. కోటేశ్వరి మమ్మల్ని అన్నంపెట్టి ఆదరించింది. పాయసానికి రుబ్బింది నేనే. కాబట్టి అందులో ఏముందో నాకు తెలుసు. అడిగితే చెప్పేదాన్ని. ఎవరూ అడగలేదు.

అల్లుడు గిన్నెడు తాగాడు. మళ్ళీ గిన్నెడు తాగాడు. సోఫాలో వెనక్కి వాలి, "మా అమ్మ చేతి రుచే. అదిగో, పాదాల్లోంచి ఎక్కుతోంది. మోకాళ్ళ దాకా వచ్చింది" అని వైద్యుడిలా చెప్పుకుపోయాడు.

"నడుం దాకా వచ్చేలోగా బస్సెక్కండి" అంది మా అమ్మాయి.

బస్సు కదిలిందో లేదో అల్లుడి తల గౌరమ్మ సంచిలోని పనసపండు మీద వాలింది. పనసపండు మీద అంత హాయిగా నిద్రపోయిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

సింగపూర్ వైపు రాగానే అందరూ దిగి తనిఖీ దాటాలి. అల్లుణ్ణి లేపి నిలబెట్టాం. చెంప మీద పనస ముళ్ళ అచ్చులు. తూలుతూ కళ్ళు తెరిచేసరికి ఎదురుగా గోడంత బోర్డు, దాని మీద ఎర్ర అక్షరాలు. నిద్ర దిగిపోయింది. బొట్లు బొట్లుగా చెమట పోసింది.

"ఉదయా, రక్తంలో కలిసిపోయి ఉంటుందంటావా?"

"రెండు గిన్నెలు కదండీ. కలిసే ఉంటుంది."

అంతలో మా వంతు వచ్చింది. బల్ల వెనక కుర్రాడు మామూలుగా అందరినీ అడిగినట్టే, చెప్పవలసిన సరుకేమైనా ఉందా అని అడిగాడు. గౌరమ్మ పనసపండు చూపించింది. మా అల్లుడు ఊరుకోవచ్చు. కానీ సూటిగా అడిగితే అతను అబద్ధమాడలేడు. అతనిలో మా అమ్మాయికి నచ్చిన గుణం అదొక్కటే.

"ఉంది సార్" అన్నాడు.

"ఎక్కడ?"

అల్లుడు చొక్కా సర్దుకుని పొట్ట చూపించాడు.

"మందు కోసమే తాగాను సార్. కార్డు లేదు. అడిగాను, ఇవ్వలేదు."

మా వెనక లైను అంతా నాలుగడుగులు వెనక్కి వెళ్ళింది. నిఖిల రెండు చేతులతో మొహం కప్పుకుని, "మలు లా, డాడీ" అంది. సిగ్గు పోతోందని దాని బాధ.

మమ్మల్ని ఒక గదిలో కూర్చోబెట్టారు. రవీంద్రన్ అని పెద్ద అధికారి వచ్చాడు. అల్లుడు అతనికి పూర్వీకుల దగ్గర్నుంచీ మొదలుపెట్టి అంతా చెప్పేశాడు. "నన్నేమైనా చెయ్యండి, మా అత్తగారిని ఏమీ అనకండి. రుబ్బడం తప్ప ఆవిడకేమీ తెలియదు" అని చేతులు జోడించాడు. నాకు నిజంగానే కళ్ళు చెమర్చాయి.

రవీంద్రన్ నా వైపు తిరిగి అరవంలో అడిగాడు. గౌరమ్మ తెలుగులో చెప్పింది. "ఏమేం రుబ్బావని అడుగుతున్నాడక్కా."

"నానబెట్టిన బియ్యం, కొబ్బరి, జీడిపప్పు, ఏలకులు. తర్వాత బెల్లం, పాలు."

"గసగసాలు?"

"వెయ్యలేదు. మా అమ్మాయి వద్దంది."

గదిలో అందరూ అల్లుడి వైపు చూశారు. అతను మాత్రం తన పొట్ట వైపు చూసుకున్నాడు. ఇన్నేళ్ళుగా నమ్మిన స్నేహితుడు మోసం చేసినట్టు చూశాడు.

"అయితే నాకు నిద్రెలా పట్టింది?"

"బస్సు కదిలింది కదండీ" అంది మా అమ్మాయి. "మీకు కదిలేదేదైనా ఉయ్యాలే. సాయంత్రం రైలెక్కి పసిర్ రిస్ దాకా, మళ్ళీ వెనక్కి ఊరవతల దాకా, మళ్ళీ ఇటూ. మొత్తం నిద్ర రైలు వాళ్ళకిచ్చి ఇంటికి వస్తారు. మంచం కదలదు, మీకు పట్టదు. చెబితే విన్నారా? మీ పొట్టతోనే చెప్పించాలనుకున్నాను. పోలీసులతో చెప్పించుకున్నారు."

రవీంద్రన్ కాసేపు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. ఇటు తిరిగాక పాస్‌పోర్టులు ఇచ్చేస్తూ, "రావ్, జీడిపప్పుకి కార్డు అక్కర్లేదు" అన్నాడు.

ఇంటికి వచ్చాం. సోమవారం మా అమ్మాయి అల్లుడి ముందు ఒక కార్డు పెట్టింది.

"ఇదిగోనండీ, మీ కార్డు."

అల్లుడు తిప్పి చూశాడు. "ఇది రైలు కార్డు కదా. నాకుంది."

"ఇది అమ్మకి."

అప్పటి నుంచి రోజూ సాయంత్రం నేను రైలెక్కి అల్లుడి ఆఫీసు దగ్గరి స్టేషను రాఫిల్స్ ప్లేస్‌కి వెళ్ళేదాన్ని. స్టేషను పేరు పోల్చుకోవడానికి నిఖిల నాకు అక్షరాలు నేర్పింది. అల్లుడు ఆఫీసు నుంచి వచ్చి నా పక్కన కూర్చునేవాడు. నేను మాట్లాడటం మొదలుపెట్టేదాన్ని. అత్తగారు మాట్లాడుతుంటే కునికే అల్లుడు మా వైపు ఇంతవరకూ పుట్టలేదు. మర్యాదస్తుడు కాబట్టి అతనూ కళ్ళు విప్పుకుని ఊఁ కొట్టేవాడు. టాంపినీస్‌లో దిగి, ఇంటికి వచ్చి, నాలుగు ముద్దలు తిని, కదలని మంచం మీద కదలకుండా నిద్రపోయేవాడు.

కొత్త సంవత్సరం వచ్చింది. కంప్యూటర్లకు మతి పోలేదు. మీటింగుల్లో అల్లుడొక్కడే కళ్ళు తెరుచుకుని కూర్చుంటున్నాడని మేనేజరు మెచ్చుకుని పాసు పొడిగింపజేశాడు.

ఒక ఆదివారం భద్రయ్య మళ్ళీ ఫోను చేశాడు. ఆ ఫోనులో అవతలివాళ్ళ మాటలు గదంతా వినిపిస్తాయి.

"ఏరా, మీ దేశంలో కార్డు దొరికిందా?"

అల్లుడు నా వైపు ఒకసారి చూసి, "దొరికిందిరా" అన్నాడు.

"పనిచేస్తోందా?"

"బ్రహ్మాండంగా. రోజుకి ఒక్కసారి, టాంపినీస్ వచ్చేదాకా."

"సైడ్ ఎఫెక్టులు?"

అల్లుడు గొంతు తగ్గించాడు. "మా అత్తగారి వైపు చుట్టాలందరి పేర్లూ నక్షత్రాలతో సహా వచ్చేశాయి."

నేను విననట్టు కంది పప్పులో రాళ్ళు ఏరుకుంటూ కూర్చున్నాను. అతను పొరపాటు పడ్డాడు. అందరివీ రాలేదు. మా మేనత్త వాళ్ళ తోడికోడలి వైపు వాళ్ళు ఇంకా అలాగే ఉన్నారు. సోమవారం నుంచి వాళ్ళే.