పైనుంచి చూసిన ఇంజన్లు

ఆ ఉదయం బెన్హర్ వేసుకున్న పథకం చిన్నదే. భార్య దేవమణిని బతిమాలో బెదిరించో ఆటో ఎక్కించి, విజయనగరంలో గుండె డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. ఆవిడ గుండెలో ఒక వాల్వు పాడయింది, మార్చకపోతే బతకడం కష్టమన్నారు. ఈ వయసులో నాకు కొత్త సామాన్లెందుకని ఆవిడ మళ్ళీ మొండికేసి, వంకాయలు తరుగుతూ కూర్చుంది.

చేసేది లేక బెన్హర్ అరుగు మీద కూలబడి ఫోను తీశాడు. వైమానిక దళంలో సరుకు రవాణా విమానాల ఇంజన్లు చూసి రిటైరైన మనిషి. మనసు బాగోనప్పుడల్లా ఉపగ్రహం తీసిన ఫోటోల్లో తను పనిచేసిన చోటు వెతుక్కుంటాడు. ఎప్పుడూ నిలిపే మూలనే తన పాత విమానం కనబడింది. రెక్కల ముందుకు సన్నగా పొడుచుకురావలసిన నాలుగు ఇంజన్లూ లావుగా ఉన్నాయి. కొత్త రకం ఇంజన్లు అలాగే ఉంటాయి.

"సూడే, ముసిలి ఇమానానికే కొత్త ఇంజన్లేసారు. నీకేటొచ్చినాది?" అంటూ వంటింట్లోకి పరిగెత్తాడు. దేవమణి ఫోను వంక ఓసారి, మొగుడి మొహం వంక చాలాసేపు చూసింది. సరే, ఆపరేషను చేయించుకుంటానంది.

ఆ ఆనందంలో అతను ఫోటోని మాజీ సైనికుల గ్రూపులో పెట్టాడు. అదే కొంప ముంచింది. షామియానా వేయడానికి సాకు దొరక్క బాధపడుతున్న సంఘం కార్యదర్శి ఎల్లాజీ, ఆకాశంలోంచి ఇంజన్ల రకం కనిపెట్టిన మేధావికి సన్మానం ప్రకటించాడు. ఫ్లెక్సీ మీద బెన్హర్ మీసం పక్కన ఏదో ప్రయాణికుల విమానం అచ్చయింది. చర్చిలో పాస్టరుగారు విమానానికీ దేవమణికీ కలిపి ప్రార్థన చేశారు. లోకల్ ఛానల్ వాడు మైకు పెట్టి, శత్రువుల విమానాలు కూడా చెప్పగలరా అని అడిగాడు.

తీరా వేదిక మీద మెళ్ళో పొందూరు కండువా పడుతుండగా పాత సహోద్యోగి భాస్కర్ ఫోను చేశాడు.

"అవి కొత్త ఇంజన్లు కావురా, పాతవాటికి కప్పిన గుడ్డలు. దాని పని అయిపోనాది, తుక్కు కింద అమ్మేస్తన్నారు. అన్నేళ్ళు ఆ గుడ్డలు కట్టినోడివి నువ్వే కదరా."

నిజమే, కట్టింది బెన్హరే. కింద నిలబడి కట్టాడు గానీ పైనుంచి ఎప్పుడు చూశాడు గనక? ముందు వరుసలో దేవమణి కూర్చుని ఉంది. ఎల్లుండే విశాఖలో ఆపరేషను. నిజం తెలిస్తే మళ్ళీ మొండికేస్తుంది. అందుకని మైకు పట్టుకుని కొత్త ఇంజన్ల గొప్పదనం చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు. జనం దేశభక్తి అనుకుని చప్పట్లు కొట్టారు.

విశాఖ ఆసుపత్రిలో ఆవిడని లోపలికి తీసుకెళ్ళే ముందు మాత్రం ఆగలేకపోయాడు. ఆవిడ దగ్గర నిజం దాచే అలవాటు అతనికి లేదు. అవి ఉత్త గుడ్డలని చెప్పేశాడు.

"ఫోటో సూసిన ఆయేలే నాకు తెలుసు," అంది దేవమణి. "సిరిగినవి మీరు ఇంటికి తెస్తే మిషను మీద కుట్టింది నేనే కదా. మీరలా సంబరపడ్డం సూసి ఎన్నేళ్ళయినాదో. కాదనడానికి నోరు రానేదు."

బెన్హర్ ఆవిడ చెయ్యి వదల్లేదు. చివరికి నర్సు వచ్చి విడిపించింది.

సాయంత్రం డాక్టరు బయటికొచ్చాడు. వాల్వు మార్చడానికి ఆపిన దేవమణి గుండె తిరిగి కొట్టుకోలేదన్నాడు. ఇల్లంతా ఒక్కసారి ఖాళీ అయిపోయినట్టు తోచి, బెన్హర్ ఆసుపత్రి వరండా కుర్చీలోనే పసివాడిలా ఏడ్చాడు.

కొత్త వాల్వు మాత్రం చక్కగా అమరిందని డాక్టరు చెప్పాడు.