అమ్మ గొంతు పోయిన ఆదివారం

ఆ ఆదివారం ఉదయం విశ్వనాథ్ మాస్టారు రెండు పనులు పెట్టుకున్నాడు. ఒకటి, నాలుగు రోజులుగా ‘స్టోరేజ్ ఫుల్’ అంటూ మొరాయిస్తున్న ఫోన్‌లో చోటు చెయ్యడం. రెండు, అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూసుకోవడం. మొదటిది పది నిమిషాల పనేనని తోటి టీచరు చెప్పాడు. మెమరీ కార్డు పెట్టి, యాప్‌లన్నీ అందులోకి జరిపితే సరి.

భార్య ప్రభావతి, తన అత్తగారు శంకరమ్మను వెంటబెట్టుకుని పండ్ల కోసం మొజంజాహీ మార్కెట్‌కు వెళ్లింది. నాంపల్లి స్టేషన్ వెనక సందులోని ఆ ఇల్లు ఎన్నడూ లేనంత నిశ్శబ్దంగా ఉంది. మాస్టారు పాత ఫోన్‌లోని కార్డు తీసి కొత్తదాంట్లో దూర్చాడు. ఫోన్ ఏదో అడిగింది. ‘ఓకే’ నొక్కాడు. మళ్లీ అడిగింది. మళ్లీ నొక్కాడు. పిల్లల జవాబు పత్రాల్లో కామా కూడా వదలని మనిషి, కార్డులో ఉన్నదంతా చెరిగిపోతుందన్న వాక్యాన్ని మాత్రం చదవలేదు.

యాప్‌లు జరిగాయి. చోటు దొరికింది. ఆ కార్డులో ఏముందో అప్పుడు గుర్తొచ్చింది.

ఏడేళ్ల కిందట శంకరమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ, కొత్త కోడలిగా నాంపల్లిలో కాపురం పెట్టిన రోజుల గురించి చెబుతుంటే రికార్డు చేశాడు. అబిడ్స్ మలుపులో డబుల్ డెక్కర్ బస్సు ఒరిగేసరికి, పై అంతస్తులో కూర్చున్న తను భయంతో పక్కసీటు పోలీసాయన చెయ్యి గట్టిగా పట్టుకోవడం, అత్తగారు వారం రోజులు మాట్లాడకపోవడం, మధ్యమధ్యలో ఆ నవ్వు. మొత్తం నలభై నిమిషాలు. ఎప్పుడైనా తీరిగ్గా విందామని దాచాడు. ఒక్కసారీ వినలేదు.

చెల్లెలి దగ్గర కాపీ ఉందేమోనన్న ఆశతో గౌలిగూడకు ఫోన్ చేశాడు.

"నవతా, ఘోరమైపాయె. అమ్మ గొంతు పోయింది."

"ఏందన్నా? ఎట్ల పోయింది?"

"అంతా నా తప్పే. ఇగ మళ్ల రాదేమో..."

అంతే, పెనంలా కాలుతున్న ఫోన్ ఆగిపోయింది. మాస్టారు ఇంటికి తాళం వేసి అబిడ్స్‌లోని రిపేరు షాపుకు పరుగెత్తాడు.

నవత తిరిగి చేస్తే స్విచాఫ్. వదినకు చేస్తే, ఆ ఫోన్ తాళం వేసిన ఇంట్లో మోగుతోంది. దిక్కుతోచక చాదర్‌ఘాట్‌లోని మేనమామ పెంటయ్యకు చేసింది. ఆయన శంకరమ్మకు సొంత తమ్ముడు. ఆమె మనుమరాలి పెళ్లి కార్డులో తన పేరు వేయలేదని తొమ్మిదేళ్లుగా అక్కతో మాట మానేసిన మనిషి.

"మామా, అమ్మకు మాట పడిపోయింది!" అన్న కబురు వినగానే ఆయన ఆటో ఎక్కాడు.

శంకరమ్మ మార్కెట్ నుంచి వచ్చి అరుగు మీద సంచి దించిందో లేదో, నవత పరుగున వచ్చి తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "అమ్మా, జర మాట్లాడకు! గొంతుకు జోర్ ఇయ్యకు!"

శంకరమ్మ ఆ చెయ్యి విదిలించి తిట్టబోయేంతలో ఓ ఆటో ఆగింది. పెంటయ్య దిగాడు. కుడికాలికి తన చెప్పు, ఎడమకాలికి భార్య చెప్పు. తొమ్మిదేళ్లలో తమ్ముడి తల పూర్తిగా నెరిసిపోయింది. శంకరమ్మకు నిజంగానే మాట రాలేదు.

"అక్కా!" పెంటయ్య ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "నాది తప్పయింది. కార్డుల పేరు లేదని గడప తొక్కలే. కార్డుల ఎందుకే పేరు, నీ నోట్లె ఉంటే సాలదా? ఒక్కసారి పెంటిగా అని పిలువవే!"

కార్డు ఇక బాగుపడదని షాపులో చెప్పించుకుని, అప్పుడే వచ్చిన మాస్టారు అసలు సంగతి చెప్పబోయాడు. శంకరమ్మ కళ్లతోనే గదిమింది. తొమ్మిదేళ్లకు వినబడుతున్న గొంతు అది, ఇంకాస్త విననివ్వమన్నట్టు.

"యాదికుందా అక్కా, చిన్నప్పుడు నాయిన పట్నం తోలుకొచ్చి మొజంజాహీ మార్కెట్ల ఒక్క కప్పు ఐస్‌క్రీం ఇప్పిచ్చిండు. సీతాఫలంది. నువ్వు ముట్టకుండ అంతా నాకే పెట్టినవ్..."

శంకరమ్మ ఇక ఆగలేకపోయింది.

"సీతాఫలం గాదురా పెంటిగా, మామిడిపండుది! నీకెన్నడు పెట్టిన? మొత్తం నేనే తిన్న! నువ్వు స్టేషన్ దాకా ఏడ్చుకుంట వచ్చినవ్!"

"అమ్మకు మాటొచ్చింది!" నవత ఏడ్చేసింది.

మాస్టారు తల దించుకుని జరిగిందంతా చెప్పాడు. "నీ మాటలన్ని చెరిపేసిన అమ్మా."

శంకరమ్మ కొడుకు వైపు తిరిగింది. "నేనున్న గదరా. వచ్చి కూసో, అడుగు, చెప్త. గా డబ్బాల పెట్టి ఒక్కనాడన్న విన్నవా?"

మాస్టారు వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు. చాలా ఏళ్లయింది అలా కూర్చుని.

పెంటయ్య మాత్రం కళ్లు తుడుచుకుని లేచాడు. "గదంతా మంచిదే గని అక్కా, మొత్తం నువ్వే తిన్నవా?"

"ఔ, తిన్న. అయితే ఏంది?"

"అరువై ఏండ్ల సంది మా అక్క నాకే పెట్టిందని ఊరంతా చెప్పుకుంటొస్తున్న గదనే!"

ప్రభావతి తాళం తీసి నలుగురికీ అన్నం వడ్డించింది. తిన్నంతసేపూ తగువు నడిచింది. సాయంత్రం చాయ్ తాగి పెంటయ్య కోపంగా వెళ్లిపోయాడు.

మరునాడు పొద్దున ఎనిమిదింటికే మళ్లీ వచ్చాడు, తగువు ఇంకా తేలలేదని.